వలస కూలీల కథలు, తెలుగు తెర

పని వెతుక్కుంటూ ఊరు విడిచినవారి కథలు తెలుగు తెర మీద తక్కువే. ఉన్నవాటిలో ముందు చెప్పుకోవలసింది బి.నర్సింగరావు తీసిన ‘మట్టి మనుషులు’ (1990). పల్లె నుంచి హైదరాబాదు వచ్చి ఇళ్లు కట్టే పనుల్లో చేరిన కూలీలు అందులో కనిపిస్తారు. ప్రధాన పాత్ర అర్చనది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ అవార్డు దక్కింది.

తమిళంలో వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ చూడటం తెలుగువారికి కొంచెం ఇబ్బందే. గుంటూరుకు పని కోసం వచ్చిన తమిళ కుర్రాళ్లను చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు చితకబాదుతారు. అలా దెబ్బలు తిన్న ఎం.చంద్రకుమార్ రాసిన ‘లాకప్’ నవలే దానికి ఆధారం. బయటి ఊరివాడికి, భాష రానివాడికి పూచీ పడేవారెవరూ ఉండరన్నదే సినిమాలోని అసలు భయం. భారత్ తరఫున ఆస్కార్ పోటీకి అదే వెళ్లింది.

గల్ఫ్ వలసల మీద పి.సునీల్ కుమార్ రెడ్డి 2017లో ‘గల్ఫ్’ తీశారు. 2025లో వచ్చిన ‘తండేల్’కు మూలం నిజంగా జరిగిన సంగతి. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల వేటకు కుదిరిన శ్రీకాకుళం మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కారు. ఎక్కువమంది 2020 జనవరిలో విడుదలయ్యారు. సొంత తీరం వదిలి అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందన్న ప్రశ్న కన్నా ప్రేమకథకే సినిమా ఎక్కువ చోటిచ్చింది. ఆ విషయంలో ‘మట్టి మనుషులు’ను మించిన తెలుగు సినిమా ఇంకా రాలేదు.