కనుబొమల భాష

మానవుని ముఖాన్ని వర్ణించిన కవులు కన్నులను కీర్తించినంతగా కనుబొమలను కీర్తించలేదు. నుదుటి చెమట కన్నులలోకి జారకుండా అడ్డుకోవడమే వాటి పని అని చాలామంది భావిస్తారు. అది నిజమే కాని, అది వాటి పనిలో సగం మాత్రమే. మిగిలిన సగం మాటలకు సంబంధించినది. అమలాపురం సంతలో బేరమాడేవారిని గమనించండి. బొమలు ఒక్కసారి పైకెత్తితే "ఏమిటి?" అని అర్థం. అవి దగ్గరకు చేరితే ధర నచ్చలేదని అర్థం. కోపాన్నీ అయిష్టాన్నీ కలిపి చెప్పడానికి తెలుగువారు "బొమముడి" అనే ఒక్క పదాన్ని సిద్ధం చేసుకున్నారు. పెదవి కదలకముందే మనసులోని మాటను బయటపెట్టేది ఈ ముడియే.

ఈ సంగతిని మన దేశపు కళాకారులు ఏనాడో గుర్తించారు. భరతుని నాట్యశాస్త్రం కనుబొమలకు ఏడు కదలికలను చెప్పింది. వాటిలో ఉత్‌క్షేపం పైకెత్తడం, పాతనం కిందికి దించడం, భ్రుకుటి రోషంతో ముడివేయడం. ఏ కదలికా లేని సహజస్థితిని కూడా ఆ శాస్త్రం ఏడింటిలో ఒకటిగా లెక్కించింది. కోనసీమలోని ముమ్మిడివరం వంటి ఊళ్ళలో కళావంతుల కుటుంబాల స్త్రీలు కూర్చున్నచోటనే కూర్చుని, పాటలోని భావాన్ని ముఖంతో అభినయించేవారు. వారి జీవితాలను గురించీ, 1947 నాటి మద్రాసు చట్టంతో ఆగిపోయిన ఆచారాలను గురించీ చర్చ వేరు. పాదం కదపకుండా, కేవలం కన్నులతో, బొమలతో ఒక కథ చెప్పవచ్చునని ఆ కళ రుజువు చేసింది.

చిత్రకారుల చూపు మాత్రం కదలికకంటే రేఖపై ఎక్కువగా నిలిచింది. భారతీయ శిల్పసంప్రదాయంలో కనుబొమలను వేపాకుతోనూ, వింటితోనూ పోల్చేవారని 1914లో అవనీంద్రనాథ్ ఠాగూర్ వివరించారు. రాజోలు సీమకు వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డునున్న నరసాపురంలో 1933లో జన్మించిన బాపు, కొద్దిపాటి గీతలతోనే తెలుగింటి స్త్రీ అలకనూ ఆశ్చర్యాన్నీ చూపించారు. పారశీక, ఉర్దూ కవులు కనుబొమను మిహ్రాబ్ వంపుతో, నెలవంకతో పోల్చారు.

అయితే అందానికి ఒకే కొలబద్ద ఏనాడూ లేదు. ప్రాచీన ఈజిప్టులో స్త్రీపురుషులు బొమలకు నల్లని రంగు దిద్దుకునేవారు. ఇంటిలో పిల్లి చనిపోతే సంతాపంగా వాటిని గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. జపాను కులీనస్త్రీలు సహజమైన బొమలను తీసివేసి, నుదుటిపై ఎత్తున కొత్తవి దిద్దుకునేవారు. అక్కడి ప్రభుత్వం 1870లో ప్రభువంశీయులకు ఆ ఆచారాన్ని నిషేధించింది. ఇరాన్‌లో ఖాజార్ రాజుల కాలపు చిత్రాలలో ఒకదానితో ఒకటి కలిసిన దట్టమైన బొమలే సౌందర్యానికి గుర్తు. 1920లలో హాలీవుడ్ తారలు దారంవంటి సన్నని బొమలను లోకానికి పరిచయం చేశారు. ఒక తరం పీకివేసినదానిని మరొక తరం దిద్దుకున్నది. ఒక దేశం దాచినదానిని మరొక దేశం ప్రదర్శించింది.

నేడు ఆ గాలి కొత్తపేట, రాజోలు వీధులకు కూడా చేరింది. పెళ్ళిళ్ళ రోజులలో థ్రెడింగ్ చేయించుకోని యువతి తనలో ఏదో లోపమున్నదని కుంగిపోయే స్థితి ఏర్పడింది. ఈ విషయంలో ముస్లిం కుటుంబాలకు ఒక స్పష్టమైన హెచ్చరిక ఉన్నది. అందం కోసం దైవసృష్టిని మార్చేవారిని, ముఖంపై వెంట్రుకలు పీకేవారిని, పీకించుకునేవారిని శపిస్తూ హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ద్వారా వచ్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. బొమలను సన్నబడేదాకా పీకడమే దీని భావమని ఇమామ్ అబూదావూద్ వివరించారు. అసహజంగా పెరిగిన రోమాల విషయంలోను, భర్త కోసం అలంకరించుకునే విషయంలోను పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. తెలిసిన ఆలిములను అడిగి నడుచుకోవడం క్షేమం. ఆ ఆదేశంలో స్త్రీకి ఒక ఊరట కూడా ఉన్నది. సృష్టికర్త ఇచ్చిన ముఖానికి ప్రతి తరమూ కొత్త తప్పు వెదకుతుంది. ఆ తప్పులను ఒప్పుకోవలసిన అవసరం ఆమెకు లేదు.

ఆధునిక పరిశోధన కూడా బొమల ప్రాధాన్యాన్ని బలపరచింది. 2003లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ప్రముఖుల ఫోటోలలో కన్నులను తొలగించి ఒకసారి, బొమలను తొలగించి మరొకసారి చూపించారు. కన్నులు లేని ముఖాలకంటే బొమలు లేని ముఖాలను పోల్చుకోవడమే చూపరులకు కష్టమైంది. 2018లో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మరొక ఊహను ముందుంచారు. ప్రాచీన మానవుని నుదుటి ఎముక ముందుకు పొడుచుకుని ఉండేది. అది క్రమంగా చదునై బొమలు స్వేచ్ఛగా కదలగలగడంతో సానుభూతి, స్నేహం వంటి సున్నితమైన భావాలను ముఖంతో తెలుపుకోవడం సాధ్యమైందని వారి వాదన.

ముఖంలోని భాషపై ఆధారపడి బ్రతుకు గడిపేవారు కోనసీమలో తక్కువేమీ కాదు. ఇక్కడి పల్లెలనుంచి వేలాదిమంది స్త్రీలు ఇంటిపనుల కోసం కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అరబీ రాని తొలిరోజులలో యజమానురాలి బొమముడియే వారికి ఆజ్ఞ, ఆమె బొమ సడలడమే ఊరట. అక్కడ బొమల భాష కూడా అన్ని దేశాలవారికీ ఒకటి కాదు. మనకు "ఏమిటి?" అనిపించే ఎత్తు తోటి ఫిలిప్పీన్స్ పనివారికి "ఔను" అని అర్థం, సిరియా, లెబనాన్ ప్రాంతాల వారికి "కాదు" అని అర్థం. పరాయి ఇంటిలో ఒంటరిగా ఉన్న స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. ఒక ముఖకవళిక ఆమె రోజంతటినీ తేలిక చేయగలదు, భారం చేయగలదు.

ఈ చోటనే దివ్యఖుర్‌ఆన్‌లోని 80వ సూరా గుర్తుకు వస్తుంది. దాని పేరే "అబస", అంటే "భ్రుకుటి ముడిచాడు". మక్కాలో ఖురైషు నాయకులతో దైవప్రవక్త (స) సంభాషిస్తున్న వేళ, అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోవాలని వచ్చి మధ్యలో ప్రశ్నించారు. ఆ క్షణాన ప్రవక్త (స) ముఖం చిట్లించారు. దానిపై అల్లాహ్ తన ప్రవక్తను మృదువుగా మందలించాడు. వచ్చినవాడు అంధుడన్న విషయాన్ని పాఠకులు గమనించాలి. ఆ బొమముడిని ఆయన చూడలేదు, చూడలేరు కూడా. అయినా అది లెక్కకు వచ్చింది. అనంతరం ప్రవక్త (స) ఆయనను ఎంతో గౌరవించారు. తాను మదీనా వెలుపలికి వెళ్ళినప్పుడు ఆయనను అక్కడ తన ప్రతినిధిగా నియమించారు.

చూడలేనివాని ఎదుటి బొమముడికే అంత విలువ ఉంటే, చూడగలిగినవారి ఎదుట మనం వేసే ముడుల మాటేమిటి? మాటలు రాని పసిబిడ్డ తల్లి ముఖాన్ని చదివి అడుగు వేస్తుంది. పనిమనిషి యజమానురాలి ముఖాన్ని చూసి మంచినీళ్ళు అడగాలో మానాలో నిర్ణయించుకుంటుంది. అత్తగారి నుదుటిని చూసి కోడలు నోరు విప్పుతుంది. దూరదేశంలో ఉన్న తల్లి వీడియో కాల్‌లో బిడ్డ బొమల మధ్య ముడిని చూసి ఆ రాత్రి నిద్రపోదు.

ఉర్దూలో కనుబొమను "అబ్రూ" అంటారు, గౌరవాన్ని "ఆబ్రూ" అంటారు. రెండు మాటలకూ మూలం వేరు, వినడానికి తేడా మాత్రం ఒక్క దీర్ఘం. మన అబ్రూ వంపు తిరిగిందో లేదో చూసుకోవడానికి అద్దం ఉన్నది. దాని ముడి ఎదుటివారి ఆబ్రూను గాయపరచిందో లేదో తెలుసుకోవాలంటే వారి ముఖంలోకే చూడాలి. ఈ రెండవ పరీక్షను ప్రతి ఇంటిలోనూ ప్రతిరోజూ జరుపుకోవడం మన బాధ్యత.