సోమశిల ఛాయాచిత్రాలు

కొల్లాపూర్‌లో కెమెరా చేతబట్టిన ఔత్సాహికుడు మొదట చేరుకొనేది సోమశిల. కొండల నడుమ విస్తరించిన కృష్ణను చూచి ముగ్ధుడు కానివాడు అరుదు. ఆ చిత్రాలను నలుగురం కూర్చుండి పరిశీలించునప్పుడు మేము ముందుగా అడిగేది అందాన్ని గురించి కాదు, ఏ నెలలో తీసినదని.

కారణమున్నది. అది శ్రీశైల జలాశయపు నీరు. పూర్తి మట్టం 885 అడుగులు. వరదకాలంలో నీరు కొండల పాదాలను తాకుతుంది; వేసవిలో వెనుదీసి బురదనేలలను చూపుతుంది. ఆవలి ఒడ్డున సంగమేశ్వరాలయం పెక్కు నెలలు నీటిలోనే ఉండి, మట్టం తగ్గినప్పుడు దర్శనమిస్తుంది. భాద్రపదంలోను, వైశాఖంలోను ఒకేచోట తీసిన రెండు చిత్రాలు వేర్వేరు ప్రదేశాలని వాదించే విద్యార్థులు ఉంటారు! వారిని తప్పుపట్టలేము.

వెలుతురు సంగతి అందరికీ తెలిసినదే: మిట్టమధ్యాహ్నం కొండల మడతలు కనబడవు, ఉదయపు ఏటవాలు ఎండలో కనబడతాయి.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) చిత్రాలలో పెక్కింటిపై సంఖ్య, స్థలనామం ఉంటాయి. మన చిత్రాలకు అవే కొరవడుతున్నాయి. జటప్రోలు ఆలయాలను ముంపు కారణంగా తరలించి పునర్నిర్మించారు. ఇండ్లను, వీధులను ఎవరు తరలించగలరు? మీ ఇంటి పెట్టెలోని పాత నికాహ్ చిత్రంలో వరుని వెనుక కనిపించే వీధి నేడు నీటి అడుగున ఉండవచ్చు. పెద్దలనడిగి, చిత్రం వెనుక ఊరిపేరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో వ్రాయండి. సిరా వద్దు, అది కాగితంలోనికి దిగి బొమ్మను పాడుచేస్తుంది.