దవడలో నాటే లోహపు వేరు

త, థ, ద, ధ, న, ల, స — ఇవి దంత్యాలని తెలుగు వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. నాలుక కొన పై పళ్ళను తాకితేనే అవి స్పష్టంగా పలుకుతాయి. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, ఇప్పుడు నిజాంపేటలో ఉంటున్న మా పెద్దమ్మకు రెండేళ్ళ క్రితం ముందరి పై పళ్ళు రెండు ఊడిపోయినవి. అన్నం నమలడం కన్నా పద్యం చదవడం కష్టమైపోయినదని ఆమె బాధ.

విదేశం నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన ఆమె కుమారుడు, తాను తిరిగి వెళ్ళేలోగా తల్లికి ఇంప్లాంటు పళ్ళు కట్టించాలని పట్టుబట్టినాడు. ఒక వైద్యశాలవారు అందుకు వెంటనే ఒప్పుకున్నారు. ఆమెకు మధుమేహం ఉన్నదో లేదో కూడ అడగలేదు. ఆమె నాతో, "నువ్వు సైన్సు చెప్పేవాడివి కదరా! మూడు వారాల్లో ఎముక అతుక్కుంటుందా?" అన్నది. ఈ ప్రశ్న చాలా మంచిది. ఇంప్లాంటు పెట్టించుకోదలచిన ప్రతివారూ వేసుకోవలసిన ప్రశ్న.

పన్ను పోతే ఏమవుతుంది?

మన పన్ను దవడ ఎముకలో మేకులాగ దిగవేసినది కాదు. వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల నారపొర ఉన్నది. నమిలినప్పుడు పడే ఒత్తిడిని ఆ పొర ఎముకకు అందజేస్తుంది. ఎముక జీవమున్న కణజాలం; పని ఉన్నంతకాలం నిలిచి, పని లేనప్పుడు తరిగిపోతుంది. పన్ను తీసివేసిన తరువాత మొదటి సంవత్సరంలోనే అక్కడి ఎముక వెడల్పు సగం వరకు తగ్గవచ్చును. వృద్ధుల బుగ్గలు లోపలికి పోవడానికి ఇది ఒక కారణం.

ఊడిన పన్నుకు బదులుగా తీసి పెట్టుకొనే పళ్ళసెట్టు వాడవచ్చును. లేదా ఇరుపక్కల పళ్ళను అరగదీసి వాటి ఆధారంతో వంతెనలాగ పన్ను కట్టవచ్చును. మూడవ మార్గం ఇంప్లాంటు, అనగా వేరుకు బదులు ఎముకలోనే ఒక లోహపు మరను నాటడం. ఇది సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక సెంటీమీటరు అటూ ఇటూ పొడవు కలిగి ఉంటుంది. దానిమీద ఒక చిన్న స్తంభం, స్తంభంమీద పంటి ఆకారపు తొడుగు అమర్చుతారు.

కుందేలు కాలిలో కనిపించిన వింత

ఆ లోహం టైటానియం. దీని ఖనిజమైన ఇల్మెనైటు మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల ఇసుకలోనే ఉన్నది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తున్నది.

1952లో స్వీడను దేశపు లుండ్ నగరంలో బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేళ్ళ కాళ్ళలో టైటానియం గొట్టాలు అమర్చినాడు. ప్రయోగం ముగిసిన తరువాత వాటిని ఊడదీయబోతే అవి రాలేదు. ఎముక వాటిని గట్టిగా పట్టుకొని పెరిగినది. గాలి తగిలిన వెంటనే టైటానియంపై కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర లోహం తుప్పు పట్టకుండ కాపాడుతుంది. ఎముక కణాలు దానిని ఆనుకొని పెరగగలవు. ఎముకా లోహమూ ఇట్లా కలిసిపోవడాన్ని అస్థిసంధానం అనవచ్చును. 1965లో బ్రోనెమార్క్ మొదటిసారిగా ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు నాటినాడు. ఆ వ్యక్తి 2006లో మరణించే వరకు వాటితోనే భోజనం చేసినాడు.

ఎముక పంచాంగం

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాము. మరను బిగించిన రోజున దానిని పట్టి ఉంచేది కేవలం మరచుట్టల బిగువు. తరువాత శరీరం, దెబ్బతిన్న పాత ఎముకను కరిగించి కొత్త ఎముకను కట్టడం ప్రారంభిస్తుంది. పాతది కరిగి కొత్తది ఇంకా గట్టిపడని మూడు, నాలుగు వారాల ప్రాంతంలోనే పట్టు అన్నిటికన్న తక్కువగా ఉంటుంది! అప్పుడు మర కొద్దిగా, మిల్లీమీటరులో పదవ వంతుకు మించి కదిలినా దాని చుట్టూ ఎముకకు బదులు నారకణజాలం పెరిగే ప్రమాదమున్నది. అందుచేత సాధారణంగా క్రింది దవడకు సుమారు మూడు నెలలు, మెత్తని ఎముక గల పై దవడకు ఆరు నెలల వరకు ఆగి, పన్ను అమర్చుతారు. ఎముక దృఢంగా ఉన్న కొందరికి అదే రోజున తాత్కాలిక పన్ను పెట్టడమూ ఉన్నది. అయితే అది పరీక్షించి నిర్ణయించవలసినది గాని, సెలవులను బట్టి నిర్ణయించవలసినది కాదు.

రోగి అడగవలసినవి, చెప్పవలసినవి

ముందుగా త్రిపరిమాణ ఎక్స్‌రే తీస్తారా అని అడగాలి. క్రింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నాడి ఉన్నది. పై దవడ వెనుక భాగంపైన గాలిగది ఉన్నది. ఎముక లోతు తెలియక మర నాటితే ఈ రెండింటికీ ముప్పు.

మధుమేహం ఉంటే మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష చేయించుకోవాలి. చక్కెర అదుపులో లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టవచ్చును. పొగ త్రాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం సుమారు రెట్టింపు. ఎముకలు గుల్లబారకుండ వాడే కొన్ని మందుల వలన దవడ ఎముక మానకపోవచ్చును; వాటి సంగతి తప్పక చెప్పాలి. రక్తం పలుచబడే మందులను మాత్రం వైద్యుడు చెప్పనిదే మానరాదు.

విద్యార్థులకు ఒక మాట. దవడ పెరుగుదల పూర్తికాకముందు ఇంప్లాంటు పెట్టరు. చుట్టూ ఉన్న పళ్ళు ఎముకతోపాటు ముందుకు జరుగుతూ ఉంటే, ఎముకకు అతుక్కున్న లోహం ఉన్నచోటనే నిలిచిపోతుంది. ఆటలో పన్ను ఊడిన కుర్రవానికి అప్పటి వరకు వేరే ఏర్పాటు చేయాలి.

నాటిన మర తయారీదారు, కొలత, సంఖ్య గల కార్డును అడిగి దాచుకోవాలి. ఒకరి మరకు మరొకరి భాగాలు సరిపోకపోవచ్చును. పిల్లలతోపాటు దేశాలు తిరిగే తల్లిదండ్రులకు ఇది మరీ ముఖ్యం.

శ్రద్ధగా చూసుకొనే ఆరోగ్యవంతులలో పదేళ్ళ తరువాత కూడ నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలుస్తున్నవి. లోహం పుచ్చదు, నిజమే. కాని దాని చుట్టూ ఉన్న చిగురు వాచి, ఎముక నొప్పి లేకుండనే కరిగిపోవచ్చును. తోముకోవడం, సందులు శుభ్రం చేసుకోవడం, ఏటేటా చూపించుకోవడం జీవితాంతం తప్పవు.

మా పెద్దమ్మ మరొక వైద్యుణ్ణి సంప్రదించినది. పరీక్షలో చక్కెర బాగా ఎక్కువగా తేలినది. కుమారుడు ప్రయాణమై వెళ్ళినాడు. ఆమె తాత్కాలిక పళ్ళసెట్టుతో కొన్ని నెలలు గడిపి, చక్కెర అదుపులోకి వచ్చిన తరువాతనే మరలు నాటించుకున్నది. పళ్ళు అమర్చేసరికి ఏడాది నిండినది. మొన్న ఫోనులో మనుమరాలికి త, థ, ద, ధ, న దిద్దిస్తుంటే విన్నాను. ఒక్క అక్షరమూ జారలేదు.