టేకు మొక్కలపై నీడ ప్రభావం: కాండం పెరుగుదల, కలప నాణ్యత

ఒకే రోజు నాటిన టేకు మొక్కల్లో కొన్ని లావెక్కుతాయి, కొన్ని సన్నగానే ఉండిపోతాయి. నేల లోతు లేకపోవడం, నీరు నిలవడంతో పాటు నీడ కూడా ఇందుకు ముఖ్య కారణం.

నీడలో ఏం జరుగుతుంది?

టేకు పూర్తి ఎండను కోరే చెట్టు. నీడలో ఆకులు తయారుచేసే ఆహారం తగ్గుతుంది. ఉన్న కొద్దిపాటి ఆహారాన్ని మొక్క వెలుతురు అందుకోవడానికి, అంటే పొడవు పెరగడానికే ఎక్కువగా వాడుకుంటుంది. కాండం లావెక్కదు, వేర్లు బలపడవు, గాలికి వంగిపోతుంది. ఒక పక్కనే నీడ ఉంటే వెలుతురు వైపు ఒరుగుతుంది. ఒరిగిన మాను కలపలో బిగువు ఎక్కువ. కోసిన తర్వాత చెక్క వంకర పోతుంది.

టేకుకు ధర కట్టేది చుట్టుకొలత, నిటారుతనం, చేవ చూసి. సన్నని మానులో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. తెల్ల చెక్కకు పురుగు త్వరగా పడుతుంది.

మరీ ఎడంగా నాటినా నష్టమే

చుట్టూ ఖాళీ ఉంటే పక్క కొమ్మలు బాగా పెరిగి కలపలో ముడులు పడతాయి. తోటగా వేసేటప్పుడు 2 × 2 మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 1,000 మొక్కలు నాటితే, పక్క మొక్కల నీడకు కింది కొమ్మలు వాటంతటవే ఎండి రాలి, మాను నిటారుగా సాగుతుంది. అంటే పక్క నుంచి కొంత నీడ మంచిదే, నెత్తిన నీడ పనికిరాదు.

రైతులు పాటించాల్సినవి

• చింత, మామిడి, వేప వంటి పెద్ద చెట్ల కొమ్మల కింద టేకు నాటరాదు.
• మొదటి రెండేళ్లు కలుపు, తీగలు మొక్కను కమ్మకుండా చూడాలి.
• పక్క చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగిలి, తలలు ఇరుకైనప్పుడు పలచన చేయాలి. వంకర, పంగ, అణగారిన చెట్లను ముందుగా తీసి, మంచివాటిని ఉంచాలి. నరికే ముందు అనుమతుల గురించి స్థానిక అటవీ అధికారులను అడగాలి.
• పలచన చేయడం ఆలస్యం చేసి ఒక్కసారిగా ఎక్కువ చెట్లు తీస్తే, మిగిలిన మానులపై కొత్త పిలకలు వస్తాయి. వాటిని లేతగా ఉన్నప్పుడే పదునైన కత్తితో తీసేయాలి.

ఈ సూచనలు శ్రీగంధానికి వర్తించవు. దాని లేత మొక్కకు కొద్దిపాటి నీడ అవసరం. అందుకే పక్కన కంది వేస్తారు. కంది నీడతో పాటు వేర్ల ద్వారా ఆహారాన్నీ అందిస్తుంది.

టేకులో సన్నబడిన మొక్క కనిపిస్తే, ఎరువు వేసే ముందు ఒకసారి మిట్టమధ్యాహ్నం తోటకు వెళ్లి చూడండి. దాని తల మీద ఎండ పడకపోతే ముందు సరిచేయాల్సింది నీడనే.