మూసిన పెట్టెలో మోటారు సైకిల్: కట్టుబడిలోనే కాపుదల

కోలారు జిల్లాలోని చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరుగాం, కోరమండల్ అనే గని పేటలూ, వాటిని ఆనుకొని పెరిగిన రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలూ కలిసి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ పట్టణంగా ఏర్పడ్డాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ పని చేపట్టిన నాటి నుంచి బంగారు గనులే ఆధారంగా బతికిన ఈ పట్టణం, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడిన తరువాత ఎక్కువగా బెంగళూరు కొలువుల మీద ఆధారపడవలసి వచ్చింది. మారికుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా రోజూ బెంగళూరుకు పోయివచ్చేవారు వేలల్లో ఉండగా, ఆ తిరుగుడు పడలేక కాపురాన్నే తరలించుకుపోయిన కుటుంబాలూ చాలానే ఉన్నాయి. వీరిలో తెలుగువారు కొందరు ఎల్లకు అవతల ఉన్న కుప్పం, పలమనేరు, చిత్తూరు వైపు కూడా వెళతారు.

ఇలా ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలతో పాటు మోటారు సైకిల్‌ను కూడా అద్దె బండిలోకి ఎక్కించడం పరిపాటి. దూరం చాలాసార్లు వంద కిలోమీటర్లే అయినా, నడిపే మనిషి సామాను వెంట ఉండవలసి రావడం వల్లనో, బండి పాతబడి అంత దూరం నడిచే స్థితిలో లేకపోవడం వల్లనో, ప్రయాణం హైదరాబాదు వంటి దూరపు నగరానికి కావడం వల్లనో దానిని మోయించుకు పోక తప్పదు. అమెరికా, యూరప్ దేశాలలో ఈ పనికి కారు వెనుక తగిలించి లాగే మూత ట్రైలర్లను అద్దెకు తీసుకుంటారు. మన దగ్గర ఆ పాత్రను ఎక్కువగా పోషించేవి రేకుల పెట్టె బిగించిన చిన్న సరుకు బండ్లూ, కంటైనర్ లారీలూ. వాహనం ఏదైనా సూత్రం ఒక్కటే: మూసిన పెట్టె మోటారు సైకిల్‌ను వాన నుంచి, దుమ్ము నుంచి, దొంగ చూపుల నుంచి కాపాడుతుందే గాని, పడిపోకుండా ఆపదు. పైగా తలుపు మూసిన తరువాత లోపల ఏం జరుగుతున్నదో డ్రైవరుకు తెలియదు కనుక, తెరిచి ఉన్న బండిలో కంటే ఇక్కడ కట్టుబడి మరింత పకడ్బందీగా ఉండాలి.

వాహనం ఎంపిక

మొదట చూడవలసింది పొడవు. 2005లో మార్కెట్‌లోకి వచ్చి ఊరూరా కనిపించే టాటా ఏస్ సరుకు తొట్టి పొడవు సుమారు 7 అడుగులు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పొడవు కూడా దాదాపు అంతే. అందువల్ల ఆ బండిని ఏస్‌లో నిలువుగా పెడితే ముందు చక్రానికి అడ్డు వేయడానికి గాని, వెనుక తలుపు మూయడానికి గాని చోటు మిగలదు. సుమారు రెండు మీటర్ల పొడవుండే హీరో స్ప్లెండర్ వంటివి అందులో ఇరుకుగా పట్టవచ్చు. బరువైన బండి ఉన్నవారు, సామాను ఎక్కువగా ఉన్నవారు అంతకంటే పొడవైన పికప్‌నో, కంటైనర్‌నో మాట్లాడుకోవడం మేలు.

రెండవది, కట్టడానికి లోపల ఉన్న ఆధారాలు. అద్దె కంటైనర్లలో చాలావాటికి గోడలు పలుచని రేకుతోనో, ప్లైవుడ్‌తోనో ఉంటాయి. వాటికి బిగించిన చిన్న కొక్కేలు బట్టల మూటలను ఆపగలవేమో గాని, 195 కిలోల క్లాసిక్ 350ని ఆపలేవు. వాహనం చట్రానికి గాని, నేల కింది ఇనుప దూలాలకు గాని గట్టిగా అతికించిన కడియాలు కనీసం నాలుగు ఉన్నాయో లేదో అడ్వాన్సు ఇవ్వక ముందే చూసుకోవాలి. అద్దె బండి నేలకు అప్పటికప్పుడు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోడు కనుక, ఎక్కించే రోజున తెలుసుకుంటే ప్రయోజనం ఉండదు.

కట్టు ఎంత బలంగా ఉండాలి?

వాహనం నడుస్తూ ఉండగా డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే, లోపలి సరుకు తన వేగాన్ని వదులుకోలేక ముందుకు తోసుకొస్తుంది. ఈ తోపుడును సరుకు బరువులో 80 శాతంగానూ, మలుపులలో పక్కకు కలిగే తోపుడును సగంగానూ లెక్కించి కట్లు వేయాలని అమెరికా, యూరప్ రవాణా ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్కన 195 కిలోల బండిని ఆపే కట్లు ముందువైపు సుమారు 156 కిలోల బరువుతో సమానమైన లాగుడును తట్టుకోవాలి. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్ వంటి వాలు దారులలో ఈ తోపుడు ఒకసారితో ఆగదు. బ్రేకు వేసినప్పుడల్లా కట్టు ఎంతో కొంత వదులవుతూనే ఉంటుంది.

ఇందుకు ఇంట్లో దొరికే కొబ్బరి తాడు, నైలాన్ తాడు సరిపోవు. నైలాన్ సాగే గుణం కలది. తడిస్తే దాని బలం కొంత తగ్గుతుంది కూడా. సాగడం తక్కువగా ఉండే పాలిస్టర్ పట్టీతో చేసిన రాచెట్ బెల్టులు దీనికి తగినవి. రాచెట్ అంటే పిడిని ముందుకు వెనుకకు ఆడించిన కొద్దీ పట్టీని చుట్టుకొంటూ, వెనక్కి జారనీయకుండా పళ్ళ చక్రంతో పట్టి ఉంచే బిగింపు పరికరం. బెల్టు మీద అచ్చు వేసిన రెండు అంకెలలో పెద్దది తెగే బరువు, చిన్నది నమ్మదగిన పని బరువు. పని బరువు సాధారణంగా తెగే బరువులో మూడో వంతే ఉంటుంది. అంటే 1,500 కిలోల దగ్గర తెగే బెల్టును 500 కిలోల బెల్టుగానే ఎంచాలి. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైబడిన లోతులకు మనుషులనూ ఖనిజాన్నీ చేరవేయడంలో వాడిన ఉక్కు మోకులను కూడా, అవి మోసే బరువుకు ఎన్నో రెట్ల బలంతోనే ఎంచుకునేవారు. మోకు విషయంలో పొదుపు పనికిరాదన్నది ఈ పట్టణానికి తరాలుగా తెలిసిన పాఠం.

ఎక్కించడం, నిలపడం

బండిని పైకి ఎక్కించడానికి మందమైన పలక కావాలి. తొట్టి ఎత్తుకు కనీసం మూడు రెట్ల పొడవున్న పలక అయితే వాలు మరీ నిటారుగా ఉండదు. చాంపియన్ రీఫ్స్ వంటి మిట్టపల్లాల ఊళ్ళలో సరుకు బండిని ఏదైనా గట్టుకో, ఎత్తైన అరుగుకో వెనుకగా ఆనించి నిలిపితే వాలు ఇంకా తగ్గుతుంది. పలక జారిపోకుండా దాని పై కొనను సరుకు బండికి కట్టి, ఇంజన్ ఆపి, ఇరుపక్కలా మనుషులు పట్టుకొని బండిని నెట్టాలి. గేరులో వేసి క్లచ్ పట్టి నెడితే, జారినప్పుడు క్లచ్ వదిలిన మరుక్షణం చక్రం ఆగుతుంది.

లోపలికి చేరాక ముందు చక్రం పెట్టె ముందు గోడకు ఎదురుగా, ఇరుపక్కలా చెక్క దిమ్మలతోనో, చక్రం ఇమిడే ఇనుప చట్రంతోనో కదలకుండా ఆనాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు సెంటర్ స్టాండ్ వేయడం. స్టాండ్ మీద నిలిచిన బండికి స్ప్రింగుల ఊగుదల అందదు కనుక, గతుకు వచ్చినప్పుడల్లా అది స్టాండ్ నుంచి ముందుకు దూకే ప్రమాదం ఉంటుంది. సైడ్ స్టాండ్ మీద వంచి కడితే బరువంతా ఒక్క కాలు మీద పడి, స్టాండ్ వంగవచ్చు, అది బిగించిన చోట చట్రమూ దెబ్బతినవచ్చు. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలిచి, కట్ల మీదనే ఆధారపడాలి.

ముందు కట్లు రెండూ ఫోర్కు గొట్టాలు రెంటినీ కలిపి పట్టే కింది ఇనుప పట్టీ నుంచి మొదలై, ముందుకూ పక్కకూ వాలుతూ, నేలతో సుమారు 45 డిగ్రీల కోణం చేసేలా కడియాలకు చేరాలి. హ్యాండిల్ కొనలకు కడితే బెల్టు జారడమో, హ్యాండిల్ వంగడమో, యాక్సిలరేటర్ మెలి తిరగడమో జరుగుతుంది. రంగు గీసుకుపోకుండా కొక్కేన్ని నేరుగా తగిలించక, మెత్తని పట్టీ ఉచ్చు వేసి దానికి తగిలించడం మంచిది. ఆపైన రెండు వైపులా సమంగా బిగిస్తూ ముందు ఫోర్కు సగం వరకు మాత్రమే కిందికి దిగేలా చూడాలి. పూర్తిగా అణచి గంటల తరబడి ఉంచితే లోపలి నూనెను ఆపే రబ్బరు సీళ్ళ మీద ఒత్తిడి పడి కారవచ్చు; అసలు అణచకపోతే గతుకులో ఫోర్కు దిగిన క్షణాన బెల్టు వదులై కొక్కెం ఊడిపోవచ్చు. వెనుక కట్లు రెండూ చట్రం నుంచి వెనుకకు, పక్కకు లాగి, బండి వెనుక భాగం పక్కలకు కదలకుండా బిగిస్తే చాలు. వేడి సైలెన్సర్‌కు బెల్టు తగిలితే పాలిస్టర్ కరిగిపోతుంది కనుక రెంటికీ నడుమ ఎడం ఉంచాలి.

పెట్రోలు, మనుషులు, కాగితాలు

తెరిచి ఉన్న బండిలో గాలికి చెదిరిపోయే పెట్రోలు ఆవిరి, మూసిన పెట్టెలో నేల మీద పేరుకుంటుంది. అది గాలి కంటే బరువైనది, గాలిలో ఒకటిన్నర శాతం దాకా చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకోగలదు. అందుచేత ట్యాంకును దాదాపు ఖాళీ చేయడం, పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోల్ కాక్ కట్టేయడం, బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీయడం, అదే పెట్టెలో గ్యాస్ సిలిండర్ పెట్టకపోవడం తప్పనిసరి జాగ్రత్తలు. బండిని పట్టుకొని ఉండేందుకు వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టడం కొన్నిచోట్ల అలవాటుగా ఉన్నా, అది ప్రాణాంతకం. సరుకు పెట్టెలో మనుషుల ప్రయాణానికి చట్టమూ ఒప్పుకోదు.

సమగ్ర బీమా ఉన్న బండి రోడ్డు మీదనో, రైలులోనో రవాణా అవుతుండగా దెబ్బతిన్నా మన దేశపు ప్రామాణిక పాలసీ పరిహారానికి అవకాశం ఇస్తుంది; మూడవ పక్షం బీమా మాత్రమే ఉంటే సొంత బండికి కలిగిన నష్టానికి ఏమీ రాదు. రిజిస్టరైన రవాణా సంస్థకు అప్పగిస్తే 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద సరుకు నష్టపోయినా, దెబ్బతిన్నా దావా వేయడానికి ముందు, బుక్ చేసిన నాటి నుంచి 180 రోజులలోగా సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కర్ణాటక నంబరు బండిని ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండు నెలలకు మించి ఉంచుకునేవారు కొత్త రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి కనుక, ఊరు వదలక ముందే రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుంటే మళ్ళీ రావలసిన పని ఉండదు.

బయలుదేరిన తరువాత బెల్టులు కొంత సర్దుకొని వదులవడం సహజం. అందువల్ల బెంగళూరు వైపు వెళ్ళేవారు బంగారుపేట దగ్గర, పలమనేరు వైపు వెళ్ళేవారు వి.కోట దగ్గర ఒకసారి ఆగి, తలుపు తీసి, నాలుగు కట్లనూ మళ్ళీ బిగించుకోవాలి. ఇంతకంటే ముఖ్యమైన పరీక్ష మొదట తలుపు మూసే ముందే చేయవలసి ఉంటుంది. బండి హ్యాండిల్ పట్టి గట్టిగా ఊపినప్పుడు బండి ఒక్కటే ఊగితే కట్టు చాలదని, బండితో పాటు వాహనమంతా ఊగితే కట్టు సరిగా ఉన్నదని గ్రహించాలి. ఈ పరీక్షను కూలీలకో డ్రైవరుకో వదిలేయక బండి యజమాని స్వయంగా చేసి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకొని, బండి స్థితిని రసీదులో రాయించుకున్న తరువాతే తలుపు మూయనివ్వాలి.