ఆఫీసు పరుగుకి ముందు ఒక్క మాట

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నలభై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఆఫీసరు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఆయనకి జబ్బేమీ లేదట. కావలసింది సర్టిఫికెట్టు మాత్రమే. తలసీమియా పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచెయ్యడానికి వాళ్ళ ఆఫీసువారు పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. సిబ్బంది అంతా పాల్గొనాలని సర్కులరు వచ్చింది. వ్యవధి మూడు వారాలు. "ఒక్క సంతకం పెట్టేస్తే వెళ్ళిపోతానండీ, బయట స్కూటరు అడ్డంగా పెట్టి వచ్చాను" అన్నారు.

కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేశాను. ఆఖరుసారి పరుగెత్తింది ఎప్పుడు? కాలేజీ రోజుల్లో. రక్తపోటు వుందా? వుంది, గుర్తున్న రోజున మాత్ర వేసుకుంటారు. నాన్నగారు? యాభై రెండో ఏట గుండెపోటుతో పోయారు. మెట్లెక్కితే ఇబ్బంది ఏమైనా వుందా? "ఆయాసం లేదు గానీ, రెండో అంతస్తు ఎక్కేసరికి ఇక్కడ కాస్త పట్టేసినట్టుంటుంది. గ్యాస్ లెండి. రెండు నిమిషాలు నిలబడితే అదే పోతుంది" అని రొమ్ము మధ్య చెయ్యి పెట్టి చూపించారు.

మన ఇళ్ళల్లో ఈ గ్యాస్ అన్న మాట ఎంతమంది కొంప ముంచిందో! నడిచినప్పుడు వచ్చి నిలబడితే పోయే బరువుని గ్యాస్ అనుకోకూడదు. గుండె కండరానికి చాలినంత రక్తం అందడంలేదేమోనని ముందు అనుమానించాలి. నేను సంతకం పెట్టలేదు. ఆయనకి కోపం వచ్చిన మాట నిజమే. అయినా ట్రెడ్‌మిల్ పరీక్షకి వెళ్ళారు. పరీక్ష సగంలోనే ఆపేశారు. యాంజియోగ్రాం తీస్తే ఒక పెద్ద రక్తనాళం చాలా భాగం మూసుకుపోయి వుంది.

ఇది చదివి పరుగంటేనే భయపడనక్కర్లేదు. నిజానికి కూర్చుని చేసే వుద్యోగమే గుండెకి చేటు. 1953లో జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండను డబుల్ డెక్కర్ బస్సు సిబ్బందిని పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. రోజంతా స్టీరింగు ముందు కూర్చునే డ్రైవర్లకన్నా, మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. బస్సు ఒకటే, జీతమిచ్చే సంస్థ ఒకటే, కాళ్ళు చేసే పని వేరు. ఈనాడు కంప్యూటరు ముందు కూర్చునే మనమంతా ఆ డ్రైవర్ల జాబితాలోనివాళ్ళమే.

సంస్థల వుద్యోగులందరినీ ఒకచోట చేర్చి పరుగెత్తించే పద్ధతి న్యూయార్కులో 1977లోనే, ఒక బ్యాంకు పూనికతో సెంట్రల్ పార్కులో మొదలయింది. మన హైదరాబాదులో 2011 నుంచి జరిగే మారథాన్‌లో ఆఫీసుల పేర్లున్న బనీన్లు వేసుకున్న గుంపులు ఎన్నో కనిపిస్తాయి. దానధర్మాల పరుగుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్ పేరున జరిగేది. ఎముక కాన్సరుతో 1977లో కుడికాలు మోకాలి పైకి తీసేశారు. అప్పుడతనికి 18 ఏళ్ళు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమమైన కాలుతో, కాన్సరు పరిశోధనకి డబ్బు కోసం, దేశం ఈ చివర నుంచి ఆ చివరకి బయల్దేరాడు. రోజుకి దాదాపు ఒక మారథాన్ చొప్పున 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్ళాక, జబ్బు వూపిరితిత్తులకి పాకి ఆగిపోయాడు. 1981 జూన్‌లో కన్నుమూశాడు. అతని పేరున ఏటా జరిగే పరుగులో పోటీ లేదు, గెలుపు లేదు. నడిచేవాళ్ళు నడవవచ్చు.

మన ఆఫీసులు నేర్చుకోవలసింది ఇక్కడే వుంది. మేనేజరు ముందు వెనకబడితే నామోషీ అనుకుని, పక్క సెక్షను కుర్రాడిని దాటాలని పంతం పట్టి, అలవాటులేని గుండెని తరిమేవాళ్ళకే ప్రమాదం. అలవాటున్నా సరే, వంశంలో గుండెజబ్బు వుంటే జాగ్రత్త అవసరం. పరుగు మీద పుస్తకం రాసి అమెరికాలో లక్షలమందిని రోడ్డెక్కించిన జిమ్ ఫిక్స్ 1984లో, 52వ ఏట, పరుగు మధ్యలోనే గుండెపోటుతో పోయాడు. అతని తండ్రి కూడా 43వ ఏటనే గుండెజబ్బుతో పోయాడు. పరుగే చంపిందని అప్పట్లో చాలామంది అన్నారు. నేనలా అనను. శరీరం చెప్పేది వినకపోవడమే ముప్పు.

కనక నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, పొగ అలవాటు, ఇంట్లో గుండెజబ్బు వున్నవారు ముందు డాక్టరుకి చూపించుకోండి. మిగిలినవారు కూడా మూడు వారాల్లో పది కిలోమీటర్ల మాట మరిచిపోండి. కనీసం రెండు నెలలు కావాలి. మొదటి రెండు మూడు వారాలు, వారానికి అయిదు రోజులు, అరగంట చొప్పున చురుకైన నడక చాలు. తరవాత ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాలు నడక. క్రమంగా పరుగు పెంచుకుంటూ అయిదు కిలోమీటర్లకి రండి. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందన్నమాట. ఆఫీసులో నలుగురూ కలిసి అభ్యాసం చేస్తే మానేసేవాళ్ళు తక్కువవుతారు. అటెండరూ అకౌంటెంటూ పక్కపక్కన నడుస్తూ ఇంటి సంగతులు మాట్లాడుకుంటే ఆ ఆఫీసులో ఎన్నో తగాదాలు వాటంతటవే తగ్గడం నేను చూశాను.

ఆ రోజున తెల్లవారుజామునే కడుపునిండా టిఫిను తిని పరుగెత్తవద్దు. రెండు గంటల ముందు ఒక అరటిపండో, ఒకటి రెండు ఇడ్లీలో చాలు. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు మోతాదు గురించి డాక్టరుని ముందే అడగాలి, జేబులో గ్లూకోజు పెట్టుకోవాలి. నీళ్ళు దాహాన్నిబట్టి తాగండి. అదేపనిగా లీటర్లకొద్దీ పోసేసుకుంటే రక్తంలో సోడియం పడిపోయి అదో ప్రమాదం. జ్వరం తగిలితే ఆ పరుగు మానేయండి, గుండె కండరానికి వాపు వచ్చే అవకాశం వుంది. రొమ్ములో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి మనిషిని పిలవాలి. బనీనుకి పెట్టిన డబ్బు పోతుందని చూడకండి.

నిర్వాహకులకి ఒక మాట. సర్కులరులో "తప్పనిసరి" అన్న ముక్క తీసేయండి. నొక్కి వసూలు చేసింది విరాళం కాదు. పరుగెత్తలేనివారికి మంచినీళ్ళ బల్ల, పేర్ల నమోదు అప్పగించండి. పదిమందికైనా ప్రాణరక్షణ పద్ధతి నేర్పించండి. ఎవరైనా కూలిపోయి, పిలిస్తే పలక్క, శ్వాస సరిగా లేకపోతే, 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

మా ఆఫీసరుగారికి రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ ఏడు ఆయన పరుగెత్తలేదు, మంచినీళ్ళ బల్ల దగ్గర కుర్చీ వేసుకుని గ్లాసులు అందించారు. కిందటేడు మళ్ళీ వచ్చారు, అదే సర్టిఫికెట్టు కోసం. ఈసారి స్కూటరు లేదు, ఇంటినుంచి నడిచే వచ్చారట. మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. పరీక్షలన్నీ చూసి "అయిదు కిలోమీటర్లు, నడక మాత్రమే" అని రాసి సంతకం పెట్టాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మా అటెండరు కూడా నాతో నడుస్తానన్నాడండీ. వాడికి షుగరుంది, రేపు పంపిస్తాను, చూడండి" అన్నారు.