స్టెంట్ వేశారు సరే... నాన్న మూడ్ సంగతేంటి?

నాన్నకు గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చారనుకోండి. ఆ రోజు నుంచి ఇల్లంతా డైటీషియన్లే! ఉప్పు తగ్గిపోతుంది. ఆవకాయ జాడీ అటకెక్కుతుంది. ఆయన మాత్రం పేపర్ తెరవరు, మ్యాచ్ ఉన్నా టీవీ ముందుకు రారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. అడిగితే ‘ఏం లేదురా’ అంటారు. ‘అంత గండం గడిచాక ఆ మాత్రం దిగులుండదా’ అని చుట్టాలు తేల్చేస్తారు.

కొన్నాళ్లు దిగులుగా ఉండటం మామూలే. కానీ రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేక, రోజులో ఎక్కువసేపు అలాగే ఉంటే అది డిప్రెషన్ కావొచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. దీని ప్రభావం మూడ్‌తో ఆగదు.

కెనడాలోని మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్ స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలపాటు గమనించింది. ఆ ఫలితాలు 1993లో వచ్చాయి. గుండె ఎంత దెబ్బతింది, అంతకుముందు గుండెపోటు వచ్చిందా అనే తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, డిప్రెషన్ ఉన్నవాళ్లకు చనిపోయే ముప్పు సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా, గుండెపోటు తర్వాతి డిప్రెషన్‌ను ముప్పు పెంచే అంశంగానే చూడాలని సూచించింది.

మనసులో దిగులుంటే గుండెకేమవుతుంది? డిప్రెషన్‌లో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా విడుదల కావొచ్చు. మామూలుగా గుండె వేగం అవసరాన్ని బట్టి క్షణక్షణం కాస్త మారుతూ ఉండాలి, ఆ వెసులుబాటు తగ్గుతుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు త్వరగా అతుక్కునే స్థితికి వస్తాయి. ఇప్పటికే రక్తనాళాలు దెబ్బతిన్న మనిషికి ఇవన్నీ చేటే.

వీటికన్నా ఇంట్లో మన కళ్లముందే జరిగే సంగతి ఒకటుంది. ‘ఇంక నాతో ఏం పనిలే’ అనుకునే మనిషికి మాత్ర వేసుకోవాలనిపించదు. నడకకు వెళ్లాలనిపించదు. మానేసిన సిగరెట్ మళ్లీ గుర్తొస్తుంది. స్టెంట్ వేసిన కొత్తలో గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు మానేస్తే, ఆ స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావొచ్చు. దాన్ని బద్ధకమనో మొండితనమనో అనుకుని తిడితే ఆయన ఇంకా ముడుచుకుపోతారు. అలాగని నీరసమంతా డిప్రెషనే అనుకోవద్దు. గుండె బలహీనంగా ఉన్నా, కొన్ని మందుల వల్లా నీరసం వస్తుంది. ఏది ఏమిటో డాక్టరే తేల్చాలి.

ఇది గుండెజబ్బు వచ్చినవాళ్ల గొడవే అనుకోకండి. గుండె బాగానే ఉన్నవాళ్లలో కూడా డిప్రెషన్ ఉంటే ముందుముందు గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. రాత్రి రెండింటిదాకా ఫోన్ స్క్రోల్ చేస్తూ నిద్రపట్టక తిరిగే మనక్కూడా వర్తించేదే.

మరి డిప్రెషన్ తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందా? ‘మనసు బాగుంటే గుండెకు ఢోకా లేదు’ అనే రీల్స్ చాలానే తిరుగుతున్నాయి. నమ్మేయకండి. అమెరికాలో దాదాపు 2,500 మందితో చేసిన పెద్ద పరిశోధన 2003లో వచ్చింది. కౌన్సెలింగ్‌తో, అవసరమైన వాళ్లకు మందులతో డిప్రెషన్ తగ్గింది కానీ, మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు తగ్గలేదు. అయితే వైద్యం ఎందుకంటారా? మనిషి మళ్లీ నవ్వడం, తినడం, నిద్రపోవడం చిన్న సంగతా! నాకైతే అది చాలనిపిస్తుంది.

మందుల భయం కూడా అక్కర్లేదు. సెర్ట్రలిన్ అనే మందు గుండెపోటు వచ్చినవాళ్లకు సురక్షితమేనని 2002లో 369 మందిపై చేసిన పరిశోధన చూపింది. పాతరకం డిప్రెషన్ మందులు కొన్ని గుండె లయను దెబ్బతీస్తాయి. కొత్తరకం వాటిలో కొన్ని, ఆస్పిరిన్ లాంటి వాటితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. వాడుతున్న గుండె మాత్రల చీటీ మానసిక వైద్యుడికీ చూపించండి. గుండె డాక్టర్ అడక్కపోయినా నిద్ర, దిగులు గురించి మీరే చెప్పండి. ఆయన ఒప్పుకుంటే నడక కూడా మంచి మందే, మనసుకూ గుండెకూ.

డాక్టర్ దాకా వెళ్లడానికి మొహమాటమైతే ముందు టెలి మానస్‌కు ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాన్న చేయనంటే మీరే చేసి, ఏం చేయాలో అడగొచ్చు. ‘నేను లేకపోతేనే మీకు నయం’ లాంటి మాట ఆయన నోటివెంట వస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఒంటరిగా వదలకండి.